నాలుగు కోతలతో ఊరంతటి దిగుబడి: వరి పంట కోత ప్రయోగంపై ఒక కేస్ స్టడీ

ఖరీఫ్ వరి. బీమాకు గ్రామ పంచాయతీయే యూనిట్. సాగు సుమారు 300 ఎకరాలు. అందులో నాలుగు చోట్ల, చోటుకు 25 చదరపు మీటర్ల చొప్పున కోసి, నూర్చి, తూచారు. ఆ తూకాల సగటును బట్టే ఊరందరికీ పరిహారం వస్తుందా రాదా తేలుతుంది. ఈ కేసులో రాలేదు. నాలుగు తూకాలూ కలిపి 1.6 కిలోలు తగ్గి ఉంటే బీమా హామీ ఇచ్చే దిగుబడి గీత దగ్గరికి వచ్చేది, ఇంకో చిటికెడు తగ్గితే పరిహారం మొదలయ్యేది.

ఊరు, తూకాలు లెక్క చూపడానికి కూర్చుకున్నవి. కోత పద్ధతి, బీమా సూత్రం, గణాంక సూత్రాలు, పట్టిక విలువలు మాత్రం వాడుకలో ఉన్నవే. సగటు దగ్గర మొదలై విశ్వాస అంతరం, పరికల్పన పరీక్ష దాకా మొదటి ఏడాది స్టాటిస్టిక్స్‌లో చెప్పేదంతా కోత తూకాలు రాసే ఈ ఒక్క ఫారంలో పనికొస్తుంది. ఆ పాఠం పట్టుకోలేని తప్పు కూడా ఇందులోనే ఉంది.

గీత ఎక్కడ గీస్తారు

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016 ఖరీఫ్‌లో మొదలైంది. 2018లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం గడిచిన ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటు దిగుబడి తీసుకుని, దాన్ని 70, 80 లేదా 90 శాతం హామీ స్థాయితో గుణిస్తారు. అదే త్రెషోల్డ్ దిగుబడి.

మన ఊరి ఏడేళ్ల దిగుబడులు హెక్టారుకు కిలోల్లో: 5,100, 4,700, 5,600, 3,900, 5,400, 2,800, 5,200. కింది రెండూ తీసేస్తే మిగిలిన ఐదింటి మొత్తం 26,000, సగటు 5,200. హామీ 90 శాతం అనుకుంటే గీత 4,680 దగ్గర పడుతుంది. 25 చదరపు మీటర్ల తూకాన్ని 400తో గుణిస్తే హెక్టారు దిగుబడి వస్తుంది కాబట్టి, 4,680 అంటే మడికి, అంటే కోసిన 25 చదరపు మీటర్ల చోటుకు, 11.7 కిలోలు. నాలుగు మళ్లకూ కలిపి 46.8.

ఏడేళ్ల అంకెలూ ఇలాంటి కోతల నుంచే వచ్చాయి, వాటిలోనూ ఊగిసలాట ఉంది. మెరుగైన ఐదింటిని ఏరితే నిజంగా మంచి ఏళ్లతోపాటు, అదృష్టం కొద్దీ కోత మంచి చోట పడ్డ ఏళ్లు కూడా ఏరుకున్నట్టే. గీత కాస్త పైకి జరుగుతుంది. ఇది రైతుకు అనుకూలం. ఎవరూ ఫిర్యాదు చేయరు.

మడి ఎలా ఎంచాలి

పొలం ఎంపిక సర్వే నంబర్ల జాబితా నుంచి, యాదృచ్ఛిక సంఖ్యల పట్టికతో. పుంత పక్కన, బండి ఆగే చోట ఉన్న పొలం కాదు. దారి పక్క పొలాలకు ఎరువు బండి సులువుగా వస్తుంది, చాలాచోట్ల కాలువ కూడా దగ్గరే ఉంటుంది. శివారు ఆయకట్టు ఎప్పుడూ నడక దూరానికి అవతలే. పట్టిక వదిలేసి కంటికి నచ్చింది ఎంచిన రోజున తర్వాతి లెక్కలన్నీ అలంకారమే.

పొలం దొరికాక నైరుతి మూలలో నిలబడాలి. పొడవు 60 మీటర్లు, వెడల్పు 42 మీటర్లు అనుకుందాం. మడి 5 మీటర్లది కాబట్టి రెండింట్లోంచీ 5 తీసేస్తే 55, 37. పొడవు వెంట 0 నుంచి 55 లోపు ఒక యాదృచ్ఛిక సంఖ్య, వెడల్పు వెంట 0 నుంచి 37 లోపు ఇంకొకటి. అక్కడ మొదటి మేకు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పట్టికలో 78 వచ్చిందనుకోండి, అది 55 దాటింది. వదిలేసి తర్వాతి సంఖ్యకు పోవాలి. కొందరు 56తో భాగించి శేషం 22 తీసుకుంటారు. లెక్క చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, 00 నుంచి 99 దాకా ఉన్న నూరు సంఖ్యల్లో 0 నుంచి 43 వరకు ప్రతి శేషం రెండేసి సార్లు, 44 నుంచి 55 వరకు ఒక్కోసారే వస్తుంది. అంటే మడి నైరుతి వైపే ఎక్కువగా పడుతుంది. నీరు ఆ వైపు నుంచే పారే పొలమైతే దిగుబడి పెరిగి కనిపిస్తుంది.

సరిగ్గా చేసినా గట్టు పక్క మీటరు వెడల్పు పట్టీ కోతలోకి వచ్చే అవకాశం తక్కువే. మొదటి మీటరు రావాలంటే 56 ప్రారంభాల్లో 0 ఒక్కటే పనికొస్తుంది. మధ్యలో ఉన్న మీటరుకు ఐదు ప్రారంభాలు పనికొస్తాయి. గట్టు పక్క ఎలుకల బెడద, చెట్టు నీడ ఉన్న పొలాల్లో ఇది దిగుబడిని కొద్దిగా పెంచి చూపిస్తుంది. ఈ లోపంతో బతకొచ్చు, తెలిసి ఉంటే చాలు.

నాలుగు మేకులు, సాగని తాడు, 30 మీటర్ల టేపు, చిరుగుల్లేని పట్టా, 100 గ్రాముల తేడా చూపించే కాటా. నాలుగు భుజాలూ 5 మీటర్లు వచ్చాయని సంతోషించి ఆగకూడదు, కర్ణం కొలవాలి. 7 మీటర్ల 7 సెంటీమీటర్లు రావాలి. మూలలు వంకరగా ఉంటే భుజాలు 5 మీటర్లే ఉన్నా మడి వాలిపోతుంది. ఒక కర్ణం 6 మీటర్లు, రెండోది 8 మీటర్లు వచ్చిందంటే వైశాల్యం సరిగ్గా 24 చదరపు మీటర్లే. నాలుగు శాతం పంట పోయినట్టు.

తూకాలు

ఆరిన గింజ, తాలు తీశాక, 14 శాతం తేమకు సరిచేసి:

మొదటి మడి, శివారు ఆయకట్టు: 9.5 కిలోలు
రెండో మడి, ఒక మూల సుడిదోమ తగిలింది: 11.2
మూడో మడి: 13.1
నాలుగో మడి, కాలువ మొదట్లో: 14.6

నాలుగోది కోసిన రోజు తూకం 16.1 కిలోలు, తేమ 22 శాతం. తేమ పోగా గింజ 78 శాతం, 14 శాతం తేమ దగ్గర 86 శాతం; అందుకే 16.1ని 78తో గుణించి 86తో భాగిస్తే 14.6. ఫారంలో పచ్చి తూకం, తేమ, ఆరిన తూకం మూడు గడులూ నింపాలి. ఒక్క మడికి పచ్చి తూకం రాసేసినా మొత్తం 1.5 కిలోలు పెరుగుతుంది. ఊరి పరిహారాన్ని తేల్చే తేడా 1.6 కిలోలు అని గుర్తుంచుకోండి.

మొత్తం 48.4, సగటు 12.1. హెక్టారుకు 4,840 కిలోలు, ఎకరాకు సుమారు 1,959. 75 కిలోల బస్తాల్లో చెప్పాలంటే 26 బస్తాలు. గీతకు పైన ఉంది, పరిహారం లేదు.

మధ్యగతం కూడా చూద్దాం. మధ్యలో ఉన్న రెండు తూకాలు 11.2, 13.1, వాటి సగటు 12.15. సగటు, మధ్యగతం దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఒక తూకం మిగతావాటిని లాగేయలేదని అర్థం. రాతలో 13.1 కాస్తా 31.1 అయి ఉంటే సగటు 16.6కు ఎగిరేది, మధ్యగతం 12.9 దగ్గరే ఆగేది. రెండింటి మధ్య అంత ఎడం కనిపిస్తే ముందు ఫారం తిరగేయాలి. అయితే వింత తూకం ప్రతిదీ తప్పు తూకం కాదు. పడిపోయిన చేనులో మడి పడి 4 కిలోలే వచ్చిందనుకోండి, దాన్ని తీసేయడానికి లేదు. నష్టం కొలవడానికే కదా కోత పెట్టింది.

ఊగిసలాట ఎంత

సగటు నుంచి తేడాలు: -2.6, -0.9, 1.0, 2.5. కూడితే సున్నా. ఎప్పుడూ సున్నాయే. అందుకే మూడు తేడాలు తెలిస్తే నాలుగోది దానంతటదే తేలిపోతుంది, స్వేచ్ఛగా ఉన్నవి మూడే. వర్గాలు 6.76, 0.81, 1.00, 6.25, మొత్తం 14.82. మూడుతో భాగిస్తే 4.94, వర్గమూలం 2.22 కిలోలు. ఇది ప్రామాణిక విచలనం. నాలుగుతో భాగిస్తే 1.92 వస్తుంది. అంతమేర ఊరి తేడాలను తక్కువ చేసి చూపినట్టే. ఎక్సెల్‌లో రెండు సూత్రాలూ ఉన్నాయి, నమూనాకు ఉద్దేశించినదే ఎంచుకోవాలి. నాలుగు తూకాల మీద ఈ ఎంపిక 15 శాతం దాకా తేడా తెస్తుంది. నూరు తూకాలైతే ఎవరికీ పట్టదు.

2.22ని సగటు 12.1తో భాగిస్తే 18.4 శాతం. ఇది విచరణ గుణకం. ఒకే ఊళ్లో స్వర్ణ, సాంబ మసూరి, ఎంటీయూ 1010 కలిసి ఉంటే ఇంకా పెరుగుతుంది. అలాంటి చోట రకాల వారీగా సాగు విస్తీర్ణం పట్టుకుని కోతలు పంచితే, కోతలు పెంచకుండానే ఊగిసలాట తగ్గుతుంది.

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలగాపులగం అవుతుంటాయి. మళ్లు ఒకదానితో ఒకటి ఎంత తేడాగా ఉన్నాయన్నది ప్రామాణిక విచలనం. మళ్ల సగటు ఊరి అసలు సగటుకు ఎంత దూరంలో ఉండొచ్చన్నది ప్రామాణిక దోషం. రెండోది కావాలంటే మొదటిదాన్ని మళ్ల సంఖ్య వర్గమూలంతో భాగించాలి: 2.22 ÷ 2 = 1.11 కిలోలు. హెక్టారుకు దాదాపు 445.

రైతులు అడిగే ప్రశ్న ఒకటుంది: 300 ఎకరాలకు 100 చదరపు మీటర్లు కోసి ఊరంతా ఎలా చెబుతారు? ఇది పన్నెండు వేలలో ఒక వంతు. ప్రశ్న న్యాయమైనదే కానీ గురి తప్పింది. కచ్చితత్వం కోసిన వంతు మీద కాదు, విడివిడిగా ఎంచిన కోతల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఊగిసలాట ఒకటే అయితే 300 ఎకరాలకూ 3,000 ఎకరాలకూ నాలుగు కోతల దోషం అంతే. అడగాల్సింది "100 చదరపు మీటర్లేనా" అని కాదు, "నాలుగేనా" అని.

నాలుగు తూకాల విశ్వాస అంతరం

పెద్ద నమూనాకు ప్రామాణిక దోషాన్ని 1.96తో గుణిస్తాం. నాలుగింటికి అది చెల్లదు, ఎందుకంటే 2.22 అన్న ఊగిసలాట కూడా ఆ నాలుగింటి నుంచే అంచనా వేసింది. దీనికి పరిష్కారం చూపినవాడు డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్. 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో రాశాడు, 1.96 బదులు వాడే టి-విలువల పట్టిక దాన్నుంచే వచ్చింది. బీరు తయారీకి బార్లీ కావాలి, బార్లీ ప్రయోగాల్లో నమూనాలు చిన్నవి. పంట కోతకు ఆ పట్టిక సరిపోవడంలో ఆశ్చర్యం లేదు.

మూడు స్వేచ్ఛా పరిమితులకు (స్వేచ్ఛగా ఉన్న ఆ మూడు తేడాలకు), 95 శాతానికి టి-విలువ 3.182. దాన్ని 1.11తో గుణిస్తే 3.54 కిలోలు. కాబట్టి మడికి 8.56 నుంచి 15.64 కిలోలు. హెక్టారుకు 3,425 నుంచి 6,254. ఎకరాకు 18 బస్తాలు మొదలు 34 బస్తాల దాకా ఎక్కడైనా ఉండొచ్చు.

దీన్ని ఎలా చదవాలి? ఊళ్లో 95 శాతం పొలాలు ఈ మధ్యలో ఉన్నాయని కాదు. అది పొలాల ఊగిసలాట, వేరే సంగతి. ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ నాలుగేసి మళ్లు ఎంచి అంతరాలు కడుతూ పోతే, నూటికి 95 అంతరాలు ఊరి అసలు సగటును పట్టుకుంటాయి. మన చేతిలో ఉన్నది వాటిలో ఒకటి. దిగుబడులు గంట ఆకారంలో పరుచుకుంటాయన్న ఊహ దీని వెనక ఉంది. నాలుగు తూకాలతో ఆ ఊహను పరీక్షించే మార్గం లేదు.

గీతతో పోల్చుదాం. ఊరి అసలు దిగుబడి సరిగ్గా 11.7 అన్నది శూన్య పరికల్పన. 12.1లో 11.7 తీసేసి 1.11తో భాగిస్తే టి 0.36. ఏకపక్ష పి-విలువ 0.37. అంటే అసలు దిగుబడి సరిగ్గా గీత మీదే ఉన్నా, నాలుగు కోతల్లో 12.1 లేదా అంతకు మించి రావడం నూటికి 37 సార్లు జరుగుతుంది. దీన్ని చూసి "ఊరి దిగుబడి గీత మీదే ఉంది" అనడం ఎంత తప్పో, "గీత దాటింది" అనడమూ అంతే తప్పు. సాక్ష్యం ఎటూ చాలదు. 2018 మార్గదర్శకాల బీమా పద్ధతిలో ఈ పరీక్ష లేదు, సగటునూ గీతనూ నేరుగా పోలుస్తారు. పరిహారం ఇవ్వడమో మానడమో ఏదో ఒకటి తేల్చాలి కాబట్టి అది అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ నిర్ణయం ఎంత తరచుగా తప్పుతుందో తెలిసి ఉండాలి.

ఊగిసలాట 2.2 అని పట్టుకుని లెక్కేస్తే, అసలు దిగుబడి 4,400 ఉన్న ఊళ్లో (మడికి 11.0, పరిహారం రావాల్సిన ఊరు) కోతల సగటు గీత దాటి పరిహారం పోయే అవకాశం 26 శాతం. అసలు 5,000 ఉన్న ఊళ్లో (మడికి 12.5, పరిహారం అక్కర్లేని ఊరు) సగటు గీత కింద పడే అవకాశం 23 శాతం. మొదటి తప్పును రైతు మోస్తాడు, రెండోదాన్ని బీమా కంపెనీ మోస్తుంది. గీతకు ఆరేడు శాతం దూరంలో ఉన్న ఊళ్లకు ఈ పద్ధతి నాలుగింట ఒకసారి తప్పు చెబుతుందన్నమాట. దిగుబడి సగానికి పడిపోయిన ఊరికి ఈ బెంగ లేదు, నాలుగు కోతలు చాలు.

ఎన్ని కోతలైతే సరి

95 శాతం నమ్మకంతో 10 శాతం లోపు దోషం కావాలంటే: 1.96ని 18.4తో గుణించి, 10తో భాగించి, వర్గం చేస్తే 13. టి-విలువ వాడితే ఇంకో రెండు మూడు కలుస్తాయి. 5 శాతం కావాలంటే 52. దోషం సగం కావాలంటే కోతలు నాలుగింతలు కావాలి. ఒక్క సీజన్లో పది పన్నెండు రోజుల్లో కోతలన్నీ అయిపోయే పంటకు ఊరికి 52 అన్నది జరిగే పని కాదు.

ప్రధాన పంటకు గ్రామ పంచాయతీ యూనిట్‌లో కనీసం 4, మండలం యూనిట్‌లో 10 అని నిబంధన. ఊగిసలాట 2.2 చొప్పునే ఉంటే 10 కోతలకు అంతరం హెక్టారుకు ±629 కిలోలు, నాలుగింటికి ±1,400. యూనిట్‌ను మండలం నుంచి ఊరికి తెచ్చినందువల్ల పక్క ఊరి మంచి పంట మన నష్టాన్ని కప్పెయ్యడం తగ్గింది, అదే సమయంలో కోతల దోషం పెరిగింది. ఊరు చిన్నదై పొలాలు ఒకే తీరుగా ఉంటే విచలనం కూడా తగ్గి కొంత సర్దుకుంటుంది. కాలువ మొదలు, శివారు రెండూ ఉన్న ఊళ్లో సర్దుకోదు.

కోతల సంఖ్య లెక్కేసేటప్పుడు ఇంకొకటి. ఎనిమిది ఊళ్లలో రెండేసి కోతలు పెట్టి పదహారు అన్నామంటే అవి పదహారు కావు. ఒకే ఊరి రెండు పొలాలు ఒకే కాలువ నీళ్లు, ఒకే వాన చూశాయి. వాటి సహసంబంధం 0.5 అనుకుంటే 16 ÷ (1 + 0.5) = 10.7, దాదాపు పదకొండు కోతల విలువే.

తాడు దగ్గర తప్పు

ఇంతవరకు చెప్పిందంతా ఊగిసలాట గురించి. కోతలు పెంచితే అది తగ్గుతుంది. ఒకే వైపు లాగే తప్పుకు, అంటే పక్షపాతానికి, ఆ వైద్యం పనిచేయదు.

వరసల మధ్య 20 సెంటీమీటర్ల ఎడంతో నాటిన వరిలో 5 మీటర్ల మడికి 25 వరసలు పడతాయి. తాడు కిందకొచ్చిన కుదురు మొదట్లో సగానికి మించి లోపల ఉంటేనే కోయాలి. కానీ కొడవలి పట్టినవాళ్ల చేతికి తాడు పక్క కుదురు అందుతుంది, కోసేస్తారు. ఒక్క వరస అదనంగా వస్తే 26. నాలుగు శాతం. మడికి అర కిలోకు దగ్గర.

మన నాలుగు మళ్లలోనూ ఒక్కో వరస అదనంగా కోసి ఉంటే, 48.4ని 25తో గుణించి 26తో భాగించాలి: 46.54. సగటు 11.63, హెక్టారుకు 4,654. గీత కిందికి వచ్చేసింది. ప్రామాణిక దోషంలో ఈ వరస ఎక్కడా కనిపించదు. నాలుగు మళ్లూ ఒకే తీరుగా ఉబ్బాయి కాబట్టి విచరణ గుణకం కూడా మారదు. వెయ్యి మళ్లు కోసినా నాలుగు శాతం నాలుగు శాతంగానే ఉంటుంది, పైగా అంతరం సన్నబడి తప్పు అంకె మీద నమ్మకం పెరుగుతుంది.

మడి చిన్నదయ్యే కొద్దీ ఈ రోగం ముదురుతుంది. చుట్టూ 5 సెంటీమీటర్లు ఎక్కువ కోశారనుకోండి. 5 మీటర్ల మడి 5.1 అవుతుంది, వైశాల్యం నాలుగు శాతం పెరుగుతుంది. ఒక మీటరు మడి 1.1 అవుతుంది, 21 శాతం పెరుగుతుంది. 1940లలో గణాంక శాస్త్రవేత్తల్లో మహలనోబిస్ చిన్న కోతలను, సుఖాత్మే పెద్ద మళ్లను సమర్థిస్తూ చేసిన వాదోపవాదాల్లో పెద్ద అంశం ఇదే. చిన్న మడి అయితే అదే మనుషులతో ఎక్కువ చోట్ల కోయొచ్చు, ఊగిసలాట తగ్గుతుంది. పెద్ద మడి అయితే అంచు తప్పు తగ్గుతుంది. మామూలు సిబ్బందితో, తొందరలో, ఎండలో జరిగే కోతకు పెద్ద మడే మేలని నా అభిప్రాయం.

ఫారాలు వచ్చాక చూడాల్సినవి

చివరి అంకెలు లెక్కపెట్టండి. 100 గ్రాముల కాటా మీద తూస్తే దశాంశం తర్వాతి అంకె పదింటిలో ఏదైనా కావచ్చు. 200 తూకాల్లో 0, 5తో ముగిసేవి 40 చుట్టూ ఉండాలి. 78 వచ్చాయనుకోండి, రావాల్సిన లెక్కకూ వచ్చిన లెక్కకూ తేడా కొలిచే కై-వర్గం 45.1. దాటాల్సిన గీత 3.84. కాటా చూడకుండా ఉజ్జాయింపుగా రాశారని గానీ, అర కిలో గీతల కాటా వాడారని గానీ అర్థం. రెండింటిలో ఏదో కాటా చూస్తే తెలిసిపోతుంది.

ఎక్కువ ఊగిసలాటకు అందరూ కంగారుపడతారు. ఊగిసలాట లేకపోవడమే అసలు అనుమానించాల్సింది. 12.0, 12.1, 12.1, 12.2 అని నాలుగు తూకాలు వస్తే ప్రామాణిక విచలనం 0.08. అసలు విచలనం 2.2 ఉన్న ఊళ్లో నాలుగు మళ్లు ఇంత దగ్గరగా పడే అవకాశం లక్షలో ఏడు. ఒకే పొలంలో నాలుగు మళ్లూ కోసి ఉండాలి, లేదా ఒక మడి కోసి మూడు రాసి ఉండాలి.

అనుమానం వచ్చినప్పుడు మళ్లీ కోయడానికి పంట ఉండదు. రైతు వారంలో యంత్రం పెట్టి మొత్తం కోసేస్తాడు. అందుకే చూడాల్సింది ఆ లోపే చూడాలి. కోసిన మడి చుట్టూ చేను నిలబడి ఉన్నన్ని రోజులు సాక్ష్యం కూడా నిలబడే ఉంటుంది. కర్ణం మళ్లీ కొలవొచ్చు. కొయ్యకాళ్ల వరసలు 25 ఉన్నాయా 26 ఉన్నాయా లెక్కపెట్టొచ్చు. ఫారంలో ఆ రెండు అంకెలకు గడులు లేకపోతే వెనక ఖాళీలో రాసి, రైతు చేత సంతకం పెట్టించండి.